బస్సులో చదివింపులు

టూరు చివరి రోజు పొద్దున్నే, వియత్నాంలోని హోటల్ గదిలో కూర్చుని బుల్లబ్బాయి గారు ఒక ఏర్పాటు చేసుకున్నారు. గైడుకీ డ్రైవరుకీ టిప్పు ఇవ్వడం మర్యాద అని టూరు వాళ్ళు ముందే చెప్పారు. ఎంతన్నది మాత్రం మన ఇష్టానికి వదిలేశారు. ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులు చేసే బుల్లబ్బాయి గారి ఇష్టం పది డాలర్లు. కవరులో పెట్టి, దిగేటప్పుడు ఎవరూ చూడకుండా చేతిలో పెట్టేస్తే సరిపోతుందనుకున్నారు.

"ముత్యాల దండ డబ్బులు విడిగా ఉంచేరా?" అని అడిగింది భార్య సూర్యకాంతం. దారిలో ముత్యాల దుకాణం దగ్గర బస్సు ఆగుతుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నోరు తెరిచి అడిగిన నగ అదొక్కటే. దండతోనే దిగుతానని వీధి వీధంతా చెప్పి మరీ విమానం ఎక్కింది.

"ఆయ్, మూడొందల డాలర్లూ భద్రంగా ఉన్నాయి" అంటూ ఆయన లోపలి జేబు తట్టి చూపించారు.

బస్సు కదిలిన కాసేపటికే ఏర్పాటు తలకిందులైంది. సూర్యకాంతం తమ్ముడు ముత్యాలరాజు, పి.గన్నవరంలో కొబ్బరికాయల వ్యాపారి, గైడు లిన్ చేతిలోంచి మైకు అందుకున్నాడు. బస్సులో ఉన్నదంతా మనవాళ్ళే. కోనసీమ మనిషికి మైకూ డబ్బూ ఒకేసారి చేతికొస్తే పెళ్లిలో చదివింపులు తప్ప ఇంకేం గుర్తుకు రావు.

"పి.గన్నవరం వాస్తవ్యులు ముత్యాలరాజు గారు, గైడు గారికీ డ్రైవరు గారికీ చదివించినది యాభై డాలర్లు!"

చప్పట్లు మోగాయి. అల్లవరం సత్యదుర్గారావు గారు అరవై చదివించారు. మైకు బుల్లబ్బాయి గారి ముక్కు దగ్గరికొచ్చింది.

"బావగారూ, తమరిదెంత చదవమంటారండీ?"

పది అనడానికి ఆయనకి నోరు రాలేదు. "వంద!" అన్నారు.

"అయితే మాది నూటేభై అండి" అన్నాడు ముత్యాలరాజు, ఎంతో వినయంగా.

బావమరిది ముందు తగ్గడమనేది వాళ్ళ వంశంలో లేదు. సూర్యకాంతం తొడ మీద గిల్లుతున్నా లెక్కచెయ్యకుండా, "మూడొందలు!" అని బుల్లబ్బాయి గారు లోపలి జేబు ఖాళీ చేసేశారు. బస్సు దద్దరిల్లిపోయింది. సూర్యకాంతం కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఈ కేకలేమిటో అర్థంకాక, బుల్లబ్బాయి గారమ్మాయి దుర్గాశ్రీని అడిగింది లిన్. దుర్గాశ్రీ ఇంజనీరింగు చదువుతోంది, ఇంగ్లీషు బాగా వచ్చు. మా వైపు ఎవరెంత ఇచ్చారో అందరికీ వినిపించాలనీ, ఇచ్చినవాళ్ళింట్లో కార్యమైతే పుచ్చుకున్నవాళ్ళు దానికి కాస్త కలిపి తిరిగి చదివించాలనీ, లేకపోతే మాటొస్తుందనీ శ్రద్ధగా వివరించింది. ఇదంతా టిప్పుకి వర్తించదని మాత్రం చెప్పడం మర్చిపోయింది.

లిన్ ముఖం పాలిపోయింది. ముత్యాల దుకాణం ముందు బస్సు ఆగగానే డ్రైవరు తువాన్‌తో గుసగుసలాడి, మైకు తీసుకుంది. దుర్గాశ్రీ తెలుగులో చెప్పింది.

"పెళ్లికిచ్చిన కవరు తిరిగివ్వడం వీళ్ళకీ ఉందిటండీ. మనూరు రాలేరు కదా, బాకీ ఉంచుకోవడం డ్రైవరు గారికి ఇష్టం లేదుట. ఈవేళ మీలో ఎవరింట్లోనైనా కార్యముందా అని అడుగుతున్నారు."

సూర్యకాంతం కిటికీ వైపు నుంచి గబుక్కున తిరిగింది.

"ఉందని చెప్పవే! ఈవేళ మా పెళ్లిరోజు."

"మన పెళ్లి మాఘమాసంలో కదే!" అన్నారు బుల్లబ్బాయి గారు, కంగారుగా.

"మీరు నోరు మూసుకోండి."

తువాన్ లేచి వచ్చి, మూడొందలకీ తన జేబులోంచి మరో అయిదు కలిపి, రెండు చేతులతో ఆవిడకి అందించి వంగి నమస్కరించాడు. ఆవిడ వెనక్కి చూడకుండా దుకాణంలోకి వెళ్లిపోయింది.

దండ వేసుకుని తిరిగొచ్చేసరికి బస్సు కల్యాణమండపంలా ఉంది. ముత్యాలరాజుకి గృహప్రవేశం. సత్యదుర్గారావు గారికి మనవడి అన్నప్రాసన. పెళ్లికాని కుర్రాడొకడు కూతురి ఓణీల ఫంక్షనంటున్నాడు. తువాన్ ఒక్కొక్కరికీ వంగి నమస్కరిస్తూ, సొంత పర్సులోంచి తీసి కలుపుతూ చదివిస్తున్నాడు. ఆఖరికి పర్సు మూసేశాడు, అందులో ఇంకేమీ లేదు.

అది చూశాక సూర్యకాంతానికి దండ బరువుగా తోచింది. "పాపం, ఆ డ్రైవరు గారింట్లో ఏదైనా కార్యముందేమో కనుక్కోవే. మనమూ చదివిద్దాం" అంది కూతురితో.

తువాన్ నిజాయితీగా కాసేపు ఆలోచించి, లేదని తల అడ్డంగా ఊపాడు. ఆ రోజు ఆ బస్సు మొత్తానికి ఏ శుభకార్యమూ లేనిది ఆయనింట్లోనే.

"కార్యం లేనివాళ్ళకి చదివిస్తే మర్యాద కాదే" అని బుల్లబ్బాయి గారు పది డాలర్ల కవరు లోపలి జేబులో పెట్టుకున్నారు.