బతకడానికి ఒక్క మాట చాలట

బతకాలనుకోవడం ఇంత తేలికైతే ఎలాగండీ? దానికో పద్ధతీ పాడూ ఉండక్కర్లేదా?

కొర్రీల తాతగారి బాధ ఇదే. ఆఫీసు సూపరింటెండెంటుగా ఉద్యోగమంతా ఇతరుల దరఖాస్తులకు కొర్రీలు వేసి తిప్పి పంపిన మనిషి. రిటైరయ్యాక ఆ విద్య వృథా కాకుండా ఇంట్లో కాఫీ మీద, కర్టెన్ల మీద ప్రయోగిస్తూ వచ్చారు.

గుండె జబ్బుతో ఆస్పత్రిలో చేరగానే ఒక కాగితం మీద సంతకం పెట్టారు. గుండె ఆగిపోతే ఛాతీ నొక్కి, షాకులిచ్చి తనను వెనక్కి లాక్కురావద్దని దాని సారాంశం. డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు అడిగింది. "నిర్ణయం నిర్ణయమే," అన్నారు తాతగారు. పక్కనే ఉన్న మామ్మగారు అడిగిన పెన్నూ, కళ్ళజోడూ అందించింది.

కొన్నాళ్ళకు ఒంట్లో నెమ్మదించింది. పొద్దున్నే బీపీ చూడ్డానికొచ్చిన నర్సును, ఏదో లోకజ్ఞానం కోసమన్నట్టు అడిగారు.

"అమ్మాయ్, ఎవరైనా అలాంటి కాగితం వెనక్కి తీసుకోవాలంటే ఏం చెయ్యాలి?"

"నోటితో చెబితే చాలు తాతగారూ. డాక్టరుకైనా, నాకైనా."

"సాక్షులు?"

"అక్కర్లేదు."

"కారణం?"

"అదీ అక్కర్లేదు. మాట రాకపోతే చేత్తో సైగ చేసినా సరే."

తాతగారు నిర్ఘాంతపోయారు. మీరే చెప్పండి, పాత ఫోన్ కనెక్షన్ తీయించాలంటే ఎన్ని కౌంటర్లు తిరగాలి? ప్రాణానికి మాత్రం చెయ్యి ఊపితే చాలా? దోమను తోలుకున్నా బతికించేస్తారే! ఇంత చవకబారు నిబంధనను వాడుకోవడం ఆయన హోదాకు తగదు. అందుకని బీపీ చూపించుకుని నర్సును పంపించేశారు.

మామ్మగారు నర్సు వెనకాలే వరండాలోకి వెళ్ళింది.

"ఆయన బదులు నేను చెబుతున్నా. కొట్టేయమ్మా."

"ఆయన తెలివిలో ఉండగా మీరు చెబితే చెల్లదు మామ్మగారూ. ఆయనే చెప్పాలి."

ఆయన ఏ చొక్కా వేసుకోవాలో ఇన్నేళ్ళూ ఆవిడే చెబుతోంది. ఆ సంగతి చట్టానికి తెలియదు పాపం.

తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుంది. "ఆ మాటేదో చెప్పేయండి. నాకు భయంగా ఉంది," అంది.

ఆవిడ దరఖాస్తులో తాతగారు లోపం కోసం వెతికారు. దొరకలేదు. నర్సును పిలిచి, "రద్దు," అన్నారు. నర్సు డాక్టరమ్మకు చెప్పి, మంచం దగ్గర పెట్టిన ఆ కాగితం తాలూకు గుర్తు తీసేసింది. అంతే, అయిపోయింది.

కాసేపటికి ఆయన గొంతు తగ్గించారు. చట్టం మీద వేసుకొచ్చిన నిందలన్నీ దేనికో అప్పుడు తెలిసింది.

"ఆ రోజు నువ్వు వద్దంటావనుకున్నా. టక్కున పెన్ను తీసిచ్చావు."

"మీరు పెన్నడిగారు, ఇచ్చాను. కళ్ళజోడు అడిగారు, ఇచ్చాను," అంది మామ్మగారు దుప్పటి సర్దుతూ. "నన్నేమైనా అడిగారా?"