తొమ్మిది ముక్కల అమ్మమ్మ

కత్తెర మాస్టారికి భార్య అంటే భయం లేదు. ఆవిడ అమ్మమ్మ అంటేనే భయం. అమ్మమ్మ పోయి ఏడాది దాటినా ఆ భయంలో ఒక్క కుట్టు కూడా ఊడలేదు.

ఆయన వీధి చివర బట్టలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టరు. ఇంటి వెనక పెరడంతా సిమెంటు చేయించి, రేకుల షెడ్డు వేసి, సొంత కటింగ్ బల్ల పెట్టుకోవాలని ఎన్నాళ్ళుగానో కోరిక. సరిగ్గా ఆ పెరట్లోనే భార్య హార్స్‌రాడిష్ వేరు ఒకటి నాటింది. పోయేముందు అమ్మమ్మ గోనెగుడ్డలో చుట్టి చేతిలో పెట్టిన వేరది. చూడటానికి ముల్లంగికి అన్నగారిలా ఉంటుంది. కాస్త తురిమితే చాలు, ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కి, చచ్చిన శత్రువు కోసం కూడా ఏడిపిస్తుంది. అమ్మమ్మ గుర్తుగా ఆవిడకి మిగిలింది అదొక్కటే.

వారం రోజుల వాదనల తరవాత ఒప్పందం కుదిరింది. తాపీమేస్త్రి మూడు నెలల దాకా దొరకడు. ఆలోగా పెరడు పచ్చగా నిండితే పెరడు ఆవిడది, లేకపోతే సిమెంటు. ఒక్క వేరుతో పెరడేం నిండుతుందని మాస్టారు లోలోపల మురిసిపోయాడు.

"దాని జోలికి మాత్రం వెళ్ళకండి," అంది భార్య. "నన్ను తవ్విపారేస్తే తొమ్మిదిమందినై తిరిగొస్తాననేది అమ్మమ్మ."

"తన గురించా, మొక్క గురించా?"

"ఆ తేడా ఆవిడకి ఎప్పుడూ లేదండీ."

వెళ్ళొద్దన్న చోటికి వెళ్ళకపోతే ఆయన మొగుడెలా అవుతాడు? ఆదివారం మధ్యాహ్నం భార్య కునుకు తీస్తుండగా, ఏ పనైనా పద్ధతిగా చెయ్యాలి కనక దుకాణం పని కోటు తొడుక్కుని, పార పట్టుకుని పెరట్లోకి దిగాడు. గాలి లేదు. అయినా ఆ ఒక్క మొక్క ఆకులు కదులుతున్నాయి. తవ్వేకొద్దీ వేరు లోపలికే పోతోంది. అడుగునుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగిసి, ఉన్నట్టుండి వదిలింది. మూరెడు పొడుగున, తెల్లగా, చల్లగా, ముసలి చెయ్యిలా ఉంది.

చెత్తబుట్టలో వేస్తే భార్య కంటపడుతుంది. అందుకని కూరల కత్తితో ముక్కలు చేశాడు. కోసినంతసేపూ కళ్ళు ధారలు కట్టాయి. పెరటి పొడుగునా టేపు పరిచి, సమాన దూరంలో గుంటలు తీసి ఒక్కొక్క ముక్కా పూడ్చేశాడు. దొంగపని చేసినా కొలత తప్పడం ఆయన వల్ల కాదు. మిగిలిన కొసని అలవాటు కొద్దీ కోటులో గుండె వైపున్న గుడ్డపీలికల జేబు అడుక్కి తోసి మరిచిపోయాడు.

వేరును పందికొక్కు ఎత్తుకుపోయిందని భార్యకి చెప్పాడు. ఆవిడ ఖాళీ గుంట వంక చూసి, ఆయన ఎర్రటి కళ్ళ వంక చూసి, "అలాగా," అంది. కేకలేసినా బాగుండునని ఆయనకి అనిపించింది.

మర్నాటి నుంచి వాసన వెంటపడింది. దుకాణంలో ఛాతీ కొలత ఇవ్వడానికి దగ్గరికొచ్చినవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. ఒక పెళ్ళికొడుకు వెక్కివెక్కి ఏడ్చాడు గానీ, అది వాసనకేనని గట్టిగా చెప్పలేం. కోటు రెండుసార్లు దులిపి ఎండలో వేశాడు. వాసన పోలేదు.

మూడో వారం పెరట్లో మొలకలు కనబడ్డాయి. చొక్కా గుండీల్లా ఒకే వరసలో ఉన్నాయి. లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. తొమ్మిదే. ఆకులు తుంచితే వారంలో ఒక తల ఉన్నచోట రెండు తలలు లేచాయి. ఇంటి వైపు తిరిగి నడుస్తుంటే తొమ్మిది మంది వీపు కొలత తీస్తున్నట్టనిపించేది.

అలాంటి ఒక సాయంత్రం గోడ దగ్గర భార్య పొరుగావిడతో మాట్లాడటం విన్నాడు. పోయినవాళ్ళు తిరిగొస్తే వాళ్ళ చుట్టూ వెల్లుల్లి పాతాలట. రెబ్బ మొన పైకి ఉండాలి, జానెడు ఎడం ఉండాలి, రోజూ పొద్దున్నే నీళ్ళు పొయ్యాలి. ఏ ఒక్కటి తప్పినా పనిచెయ్యదట. మర్నాడే ఆయన మూడు కిలోల వెల్లుల్లి తెచ్చి, రెబ్బలు విడదీసి, టేపు పెట్టి మరీ పాతాడు. పెళ్ళయ్యాక చెంబెడు నీళ్ళు ముంచి ఎరగనివాడు, రోజూ పొద్దున్నే బాల్చీలు మోశాడు.

మూడు నెలలు తిరిగేసరికి మేస్త్రి వచ్చాడు. పెరడంతా పచ్చగా నిండి, కాలు పెట్టడానికి చోటు కనబడలేదు. ఈ వేరు మీద సిమెంటు పోస్తే చీల్చుకుని వస్తుందని, తాను పూచీ పడనని చెప్పి వెళ్ళిపోయాడు.

"పందికొక్కు పనిమంతురాలండీ," అంది భార్య. "గీత గీసినట్టు నాటింది."

మాస్టారు మెట్టు మీద కూలబడ్డాడు. "నీకు తెలుసా?"

"ముక్కలు చేసి పాతితేనే అది పెరుగుతుంది. నాకు చేతులు రాలేదు. అమ్మమ్మని కోసినట్టనిపించింది." ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ పూట పెరట్లో ఎవరూ ఏమీ తురమలేదు. మాస్టారికి మొదటిసారి సిగ్గేసింది.

"మరి గోడవతల పొరుగావిడ?"

"అప్పటికే ఆవిడ ఊరెళ్ళి నెలయింది. నేను గోడతోనే మాట్లాడాను."

"సరే. తొమ్మిదని అమ్మమ్మకెలా తెలుసు?"

"చొక్కాకి ఎన్ని ముక్కలు?"

ఆయన వేళ్ళు మడిచాడు. ముందు రెండు, వీపు, భుజం పట్టీ, చేతులు రెండు, కాలరు, కఫ్‌లు రెండు.

"కొత్తల్లో మీరు పుచ్చకాయ కోయడం చూసి అంది. వాడి చేతికి ఏం దొరికినా తొమ్మిది ముక్కలేనే అని."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. దయ్యం లేదు, అమ్మమ్మ లేదు, అంతా తన చేతి అలవాటే.

"కానీ, జేబు లేని చొక్కా ఉంటుందా?" అంది భార్య ఆయన కోటు వంక చూస్తూ. "వాసన ఇంకా వస్తోంది."

ఆయన పీలికల జేబులో చెయ్యి పెట్టాడు. చల్లగా, మెత్తగా ఏదో వేలిని చుట్టుకుంది. బయటికి తీస్తే కొసముక్క. దానికి వెలుతురు ఎరగని తెల్లటి మొలక. ఇన్నాళ్ళూ ఆయన గుండెకి ఆనుకునే పెరిగింది.

మాస్టారు పార అందుకున్నాడు.

"అమ్మమ్మ ఎక్కడ కూర్చుంటుందో అడిగి చెప్పు," అన్నాడు నెమ్మదిగా.