వానభక్తులకు పందిరి

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దదని ఆ అడవి వాళ్ళే చెప్పుకునే మా అడవిలో, రెండు మతాలుండేవి. ఎక్కువమంది ఎండభక్తులు. తెల్లారగానే తూర్పుకు తిరిగి, ఒళ్ళు కాచుకుంటూ దణ్ణం పెట్టుకునేవారు. తక్కువమందిమి వానభక్తులం. తాబేళ్ళు, కప్పలు, ఎండ్రకాయలు, కొన్ని ముళ్ళపంది కుటుంబాలు. అంతే మా మతం.

నేను కప్పను. బోదురుకప్పల్లో కాస్త పెద్ద గొంతున్నవాణ్ణి. ఆ ఒక్క అర్హత చూసి మా వానభక్తుల సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. కార్యదర్శిగా నా పనల్లా మావాళ్ళు ఏదన్నా అంటే 'బెక' అనడం, పైవాళ్ళు ఏదన్నా అంటే 'బెకబెక' అనడం. లోకం మమ్మల్ని నూతిలో కప్పలంటుంది. అది అన్యాయం. మాకు నుయ్యి కూడా లేదు.

మాకున్నదల్లా ఒక బండ. అడవి నడుమ, చెట్ల నీడ పడని చోట, వెడల్పాటి నల్లబండ. తొలకరి పడిన రోజున మేమంతా దాని మీద చేరి, మొహాలు పైకెత్తి తడుస్తాం. ఆ ఏడు పోయినవాళ్ళ పేర్లు ఆ వానలో గట్టిగా పలుకుతాం. వాన మొహాన పడుతుండగా పేరు పెట్టి పిలిస్తేనే పోయినవాళ్ళ దాహం తీరుతుందని మా నమ్మకం. ఇది ఎండభక్తులకు వింత. వాళ్ళు ఒళ్ళు మాడ్చుకోవడం మాకు వింత. ఒకరి వింత ఒకరికి అడ్డం రాకుండా చాలాకాలం గడిచింది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఎండిపోయింది. తాబేలు బుచ్చెమ్మ మొగుడు నీళ్ళు వెతుక్కుంటూ పోయి దారిలోనే ప్రాణం విడిచాడు. బుచ్చెమ్మ పాతకాలపుది. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడి పేరు నోట పలికి ఎరగదు. 'మా ఇంటాయన' అనేది, మరీ అవసరమైతే 'ఇదుగో' అనేది. పరామర్శకు వెళ్ళిన మాతో ఆమె ఒకటే మాట అంది, వాన రానివ్వండి, ఒక్కసారి పిలుచుకుంటాను అని.

అయితే ఆ వేసవిలోనే కోతులు మా బండ మీద ఇప్పపూలు ఎండబెట్టడం మొదలుపెట్టాయి. ముందు ఓ మూల పోశాయి. తర్వాత బండంతా పరిచాయి. కొన్నాళ్ళకు అక్కడే కాపలా పడుకుని, అది తాతల నాటి నుంచీ తమ కళ్ళమే అన్నాయి. బుచ్చెమ్మ మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి కోతుల పెద్ద తిమ్మక్కను అడిగింది. తొలకరి రోజు ఒక్కరోజు బండ ఖాళీ చేసిపెట్టమంది.

తిమ్మక్క నవ్వింది. ఎండ కాసే బండ ఎండభక్తులదవుతుంది గానీ వానభక్తులదెట్లా అవుతుందని అడిగింది. చుట్టూ ఉన్న కోతులు బుచ్చెమ్మ డిప్ప మీదికి రేగు గింజలు విసిరి, ఎవరిది ఎక్కువ మోగుతుందో పందెం వేసుకున్నాయి. బుచ్చెమ్మ తల లోపలికి లాక్కుని, అవి విసిగిపోయేదాకా ఆగి, తిరిగొచ్చింది.

ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకోవచ్చు, ఒకరి కొలుపు చోటికి ఇంకొకరు అడ్డం పోరాదు అని అడవి పుట్టిన నాటి కట్టుబాటు ఒకటుంది. ఆ మాట కోతులకు ఒకసారి గుర్తుచెయ్యమని అడగడానికి మేం సభకు వెళ్ళాం.

సభాధ్యక్షుడు ఏనుగు భద్రయ్య. మనసు వెన్న. ఎవరి కష్టం విన్నా ముందు ఆయన కళ్ళు చెమ్మగిల్లుతాయి, తర్వాత తొండం చెమ్మగిల్లుతుంది, ఎదురుగా ఉన్నవాళ్ళు కాస్త పక్కకు జరగాల్సి వస్తుంది. సభకు ఎన్నికలు కూడా దగ్గర్లో ఉన్నాయి. మా ఓట్లు చారెడే అయినా, మమ్మల్ని ఆదుకున్నాడన్న పేరు పక్క అడవిదాకా పాకుతుంది. ఇంత కష్టానికి ఆ పాత కట్టుబాటు చాలదన్నాడు. కోతులకు ఒక మాట చెప్పమంటే మాకొక చట్టం చేసిపెట్టాడు.

చట్టం రాసింది సభ కార్యదర్శి నక్క జంబులింగం. అసలు వానభక్తుడంటే ఎవరు అన్న దగ్గర కాసేపు చిక్కుపడింది. నీళ్ళలో ఉండేవాళ్ళా అంటే ముళ్ళపందులు రావు. తడిస్తే సంతోషించేవాళ్ళా అంటే గేదెలు వస్తాయి. చివరికి జంబులింగమే తేల్చాడు. వాన కురుస్తుండగా ఆ బండ మీద ఉన్నవాడే వానభక్తుడు, అతణ్ణి అక్కణ్ణుంచి ఎవరూ కదపరాదు అని రాశాడు. మా మతాన్ని ఇంత చక్కగా మేం కూడా ఏనాడూ చెప్పుకోలేదు. ఆనందం పట్టలేక నేను సభలోనే బెకబెకలాడాను.

చట్టం అమలు చూడ్డానికి వానభక్తుల సంక్షేమ మండలి ఒకటి వేసి, దానికి మావాడినే పెద్దను చేశారు. ముళ్ళపంది కంటకరావు. అంతకుముందు ఎవరైనా మా వంక ఓరగా చూస్తే వాడి ముళ్ళన్నీ నిక్కబొడుచుకునేవి. సభలో భద్రయ్య పక్కన పీట వేశాక, ముళ్ళు లేస్తే పక్కవారికి గుచ్చుకుంటాయని జంబులింగం సున్నితంగా చెప్పాడు. మర్నాటి నుంచీ కంటకరావు ముళ్ళు ఆముదం రాసి దువ్వుకుని రావడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత అవి లేచినా మా మీదే లేచేవి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. చట్టం పనిచేసింది. సభ జవాను ఎలుగుబంటి ఒకడొచ్చి బండ దగ్గర నిలబడి చదివి వినిపించగానే తిమ్మక్క సణుక్కుంటూ ఇప్పపూలు ఎత్తేసింది. బండ మాదయింది. బుచ్చెమ్మ దాని చుట్టూ ఒకసారి నడిచి చూసుకుని ఇంటికి పోయింది. అక్కడితో ఆగి ఉంటే చెప్పడానికి కథే లేదు. కానీ రక్షణ అయ్యాక సంక్షేమం కూడా జరగాలన్నాడు భద్రయ్య.

వానభక్తుల బాధలేమిటో తెలుసుకురమ్మని జంబులింగాన్ని పంపారు. అతను బండను పైనుంచీ కిందినుంచీ చూసి, వీళ్ళు పాపం ప్రతి ఏడూ ప్రార్థన చేసుకుంటూ తడిసి ముద్దవుతున్నారని తేల్చాడు. అది విని భద్రయ్యకు మళ్ళీ కన్నీళ్ళొచ్చాయి. బండ మీద పందిరి వెయ్యాలని అప్పటికప్పుడు తీర్మానమైంది. సభ చప్పట్లు కొట్టింది. చప్పట్లు వినిపిస్తే గొంతు ఆగని జాతి మాది, మేమూ కలిపాం. ఇంటికొచ్చాక గానీ ఏం కలిపామో తట్టలేదు.

బుచ్చెమ్మ నన్ను వెంటబెట్టుకుని కంటకరావు దగ్గరికి పోయింది.

"కంటకం, మనం అక్కడికి పోయేదే తడవడానికి గదరా," అంది.

"తెలుసత్తా. కానీ ఆయన అంత ప్రేమగా ఇస్తుంటే కాదంటామా? వీళ్ళకు ఏం చేసినా తృప్తి లేదంటారు. ముందు పుచ్చుకుందాం. తర్వాత నెమ్మదిగా చూసుకుందాం."

బుచ్చెమ్మ నా వంక చూసింది. కార్యదర్శిని గనక నేను మధ్యేమార్గం చెప్పాను. పందిరి వేస్తే వేశారు, అక్కడక్కడా చిల్లులు పెట్టమని అడుగుదామన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. వినతి పోయింది, జవాబూ వచ్చింది. కారే పందిరి వేశారన్న మాట సభకు పరువు తక్కువ గనక ఆకు రెండు వరసలు దట్టంగా కప్పిస్తామన్నారు. కప్పించారు కూడా. టేకు గుంజలు, తాటాకు కప్పు. ముందు గుంజ మీద భద్రయ్య పాదముద్ర.

పందిరి ప్రారంభం నాడు అడవంతా కదిలొచ్చింది. మమ్మల్ని పందిరి కింద వరసగా కూర్చోబెట్టారు. కోతులు కూడా ఓ పక్కన నిలబడి చూస్తున్నాయి. భద్రయ్య మాట్లాడుతుండగా పడమట మబ్బు కమ్మింది. తొలకరి. బుచ్చెమ్మ మెడ బయటికి చాచింది. పైన తాటాకు.

గాలి లేచింది, ఆ వెంటే వాన, వానతో పాటు వడగళ్ళు. అప్పటిదాకా బయట నిలబడి చూస్తున్న ఎండభక్తులందరూ ఒక్కసారిగా పందిరి కిందికి తోసుకొచ్చారు. భద్రయ్యను నడిమధ్యకు చేర్చారు. ఏనుగు నడుమకొస్తే అంచున ఉన్నవాళ్ళు ఏమవుతారు? ఎండ్రకాయలు దొర్లిపోయాయి. కప్పలం ఎగిరి బురదలో పడ్డాం. కంటకరావు మాత్రం లోపలే ఉన్నాడు, ముళ్ళు బాగా అణుచుకుని, అధ్యక్షుడి కాలి పక్కన.

నాకు చట్టం గుర్తొచ్చింది. జంబులింగాన్ని బయటినుంచే పిలిచి, మమ్మల్ని కదపకూడదని మీరే రాశారు కదా అన్నాను.

"రాసింది ఇంకోసారి గుర్తుచేసుకో," అన్నాడు అతను, తోక పిండుకుంటూ. "ఇప్పుడు వాన కురుస్తోంది. బండ మీద ఉన్నది వీళ్ళు. కాబట్టి వానభక్తులు వీళ్ళు. వీళ్ళను కదిపే అధికారం ఎవరికీ లేదు."

తన హయాంలో వానభక్తుల సంఖ్య ఇంతగా పెరిగినందుకు భద్రయ్య సంతోషం వెలిబుచ్చాడు.

నేను వెనక్కి తిరిగాను. బుచ్చెమ్మ అప్పటికే బురదలో కొంతదూరం పోయింది. ఆమెను ఎవరూ తోసెయ్యలేదట, తనే దిగి వచ్చిందట. వడగళ్ళు డిప్ప మీద పడి చిట్లుతున్నాయి. తల లోపలికి లాక్కోలేదు. మెడ ఎంత చాచగలదో అంతా చాచి, మొహం పైకెత్తి, కాసేపు పెదవులు మాత్రం కదిపింది. ఇన్నేళ్ళ అలవాటు, పేరు బయటికి రావడం లేదు.

"ఓబయ్యా," అంది చివరికి. చిన్నగా అంది. మళ్ళీ కాస్త గట్టిగా, "ఓబయ్యా, ఇదుగో వాన."

మేమంతా ఆమె చుట్టూ చేరాం. ఎవరి పేర్లు వాళ్ళు పిలుచుకున్నాం. నా గొంతు ఎప్పుడూ అంత తగ్గి పలకలేదు.

పందిరి కింది నుంచి ఒకరు వానలోకి దిగారు. చూస్తే తిమ్మక్క. వచ్చి, బుచ్చెమ్మకు కాస్త ఎడంగా నిలబడింది. ఆ ఎండల్లోనే ఆమె మనవరాలు, చంటిది, నీళ్ళు దొరక్క పోయింది. పోయాక కూడా చాలారోజులు రొమ్ముకు హత్తుకుని తిరిగిందని అడవంతా ఎరుగుదుం, మేం చూసి మొహం తిప్పుకున్నవాళ్ళమే.

"మేం వానోళ్ళం కాదు," అంది తిమ్మక్క. "పిల్ల పేరు పిలవొచ్చా?"

బుచ్చెమ్మ డిప్ప మీద రేగు గింజల దెబ్బలు నాకు గుర్తొచ్చాయి. ఆమెకు గుర్తొచ్చాయో లేదో తెలీదు.

"మొహం పైకెత్తు," అంది. "మొదట్లో కళ్ళు మండుతాయి. మూసుకోకు. అప్పుడు పిలువు."

తిమ్మక్క పిలిచింది.

మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి కోతులు పందిరెక్కి తాటాకు ఒక్కొక్కటే పీకి కింద పడేస్తున్నాయి. పైకి చూస్తే ఆకాశం కనిపించింది. మళ్ళీ వాన పడితే మీ బండ మీదే నిలబడి పిలుచుకోండి అంది తిమ్మక్క. మా మీద ప్రేమకొద్దీ చేశాయో, పీకడం కోతి పని గనక చేశాయో, కొంచెం కొంచెం రెండూనో. సాయంత్రానికి గుంజలు మాత్రం మిగిలాయి.

ఆ సాయంత్రమే ఎలుగుబంటి వచ్చి కోతులను పట్టుకుపోయాడు. వానభక్తుల రక్షణ చట్టం కింద మొట్టమొదటి కేసు అదే. అల్పసంఖ్యాకుల ప్రార్థనా స్థలాన్ని ధ్వంసం చేశారన్నది నేరం. ఫిర్యాదు చేసింది కంటకరావు. ఆ రోజు సభలో వాడి ముళ్ళు లేచిన తీరు చూసి, మావాడికి పాత పౌరుషం తిరిగొచ్చిందని మాలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

బుచ్చెమ్మ సాక్ష్యం చెప్పడానికి వెళ్ళింది. ఆమె నడక నడకే గనక సభ చాలాసేపు ఆగాల్సి వచ్చింది.

"మేం అడిగింది ఆకాశం కనబడే బండ," అంది. "మీరు దాన్ని కప్పారు. ఈ పిల్లలు తెరిచారు. నేరమంటే నాకు తెలిసింది గింజలు విసరడం. అది నేనే చూసుకుంటాను. వీళ్ళని వదిలెయ్యండి."

భద్రయ్య తొండంతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఇంత అన్యాయం జరిగినా క్షమించే గుణం వానభక్తులకే ఉందని, అటువంటివాళ్ళను కాపాడుకోవడం అడవి బాధ్యతని తీర్పు చెప్పాడు. కోతులు ఇకమీదట బండ చుట్టుపక్కలకు రాకూడదు. ఇంకెవరూ పీకలేకుండా ఈసారి పందిరి రాతిపలకలతో కట్టాలి. జల్లు కొట్టకుండా నాలుగు వైపులా గోడలు లేపాలి.

దీనికి వానభక్తుల సంఘం సమ్మతమేనా అని జంబులింగం నా వంక చూశాడు. వద్దనడానికే నోరు తెరిచాను, ఒట్టు. అలవాటు పడ్డ గొంతు. 'బెకబెక' అంది.

ఏకగ్రీవమని రాసుకున్నారు.

రాతి పందిరి బ్రహ్మాండంగా వచ్చింది. ఇప్పుడు సభ సమావేశాలు అందులోనే జరుగుతున్నాయి, వానాకాలంలో హాయిగా ఉంటుందట. మేం దాని వెనక బురదలో నిలబడి తడుస్తున్నాం. దగ్గరికి రాకూడదన్న ఆజ్ఞ ఉంది గనక కోతులు అల్లంత దూరాన, గుట్ట వారన నిలబడి తడుస్తాయి. అక్కణ్ణుంచి తిమ్మక్క గొంతు వినిపిస్తుంది. బుచ్చెమ్మ మాత్రం ప్రతి సమావేశానికీ వెళ్ళి, మా బండ మాకు ఊరికే వదిలెయ్యండని అడిగి వస్తుంది. వెళ్ళొద్దని ఎంతమంది చెప్పినా మానదు. మొన్న అడిగినప్పుడు సభవారు ఎంతో కదిలిపోయి, మాకు గొడుగులు మంజూరు చేశారు.

నీతి: అడగనిదే అమ్మైనా పెట్టదు, అడిగితే సర్కారు అడగనిదే పెడుతుంది.