సీనియర్‌మోస్టు మౌనిక

సాలువా దారిలో నూతనంగా స్థాపించిన ఇంజనీరింగ్ కళాశాల, ఎం.టెక్. తొలి తరగతికి విద్యార్థులను ఆహ్వానిస్తున్నట్టు ఖరగ్‌పూర్ పురప్రజలకు తెలియజేయడమైనది. ముఖద్వారం పూర్తయింది. దాని వెనక రావలసిన కళాశాల కూడా వీలును బట్టి వస్తుంది.

ఆ ఊళ్లోనే పూరీ గేట్ పేటలో ఉండే మౌనికకు రైలు చక్రం ఎందుకు పగులుతుందో తెలుసుకోవాలని చిన్ననాటి నుంచి ఒకటే పట్టు. లోహశాస్త్రం చదవడానికి నలభై ఏళ్ల నాటి ఒక కళాశాలలో సీటు వచ్చింది. సాయంత్రంలోగా ఒప్పుకోవాలి. అక్కడ కొలిమి ఉంది, సూక్ష్మదర్శినులు ఉన్నాయి, పాఠం చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. ఇన్ని లోపాలున్న చోటికి కూతుర్ని పంపడానికి జగ్గారావు ఒప్పుకోలేదు.

"నలభై ఏళ్ల కాలేజీయా? నీ ముందు ఎంతమంది సీనియర్లుంటారో తెల్సా?" అన్నాడు.

రైల్వే వర్క్‌షాపులో ఆయన చేరింది మంగళవారం. సోమవారం చేరినవాడు ఫోర్‌మన్ అయ్యాడు.

"ఒక్క రోజమ్మా! ఆ ఒక్క రోజు కిందే ముప్పై ఏళ్లు బతికినాను. కొత్త కాలేజీలో నువ్వు మొదటి రోజే సేరిపోవాల."

"మరి సదువెవలు సెప్తారు నాన్నా?"

"అదేటమ్మా! సీనియారిటీ వస్తే సదువు దానెనకే వస్తాది."

వీధి పెద్దలు సమావేశమై, ఈ వాదనలో దోషమేదీ లేదని ఏకగ్రీవంగా తీర్మానించారు. సాయంత్రం దాటిపోయింది.

మౌనిక మొదటి రోజు ఉదయం ఏడింటికే చేరింది. ఆ తరవాత ఇంకెవరూ చేరలేదు. కాబట్టి ప్రథమ ర్యాంకు అప్పుడే ప్రకటించారు. డైరెక్టరు సిరిల్‌గారు ప్రారంభోపన్యాసం చేశారు:

"పాత కళాశాలలు సమాధానాలు నేర్పి విద్యార్థుల్ని చెడగొట్టాయి. మన దగ్గర ఒక్క సమాధానమూ లేదు! పరిశోధనకు ఇంతకన్నా స్వచ్ఛమైన వాతావరణం ఏ దేశంలో ఉంది?"

కరతాళధ్వనులు మిన్నుముట్టాయని నివేదికలో రాశారు. కొట్టిందీ, రాసిందీ మౌనికే.

రెండో వారంలో అధ్యాపకులు లేరన్న విషయం యాజమాన్యం దృష్టికి వచ్చింది. సీనియారిటీ జాబితా తెప్పించి చూస్తే ఒకే పేరు ఉంది. అప్పటి నుంచి మౌనిక ఉదయం పాఠం చెప్పేది. మధ్యాహ్నం బల్లకు ఇవతలికి వచ్చి, పాఠం అర్థం కాలేదని ఫిర్యాదు రాసుకునేది. దుర్గాపూజల సెలవుల నాటికి శాఖాధిపతి అయింది. తనిఖీ బృందం వచ్చి ప్రయోగశాల ఏదని అడిగితే, దూరంగా పోతున్న రైలు కూత వినిపించారు. ఇంత విశాలమైన ప్రయోగశాల తామెక్కడా ఎరగమని వాళ్లు రాసిచ్చి వెళ్లారు. మలంచా బజారులో జగ్గారావుకు రిక్షావాళ్లు కూడా నమస్కారం పెట్టసాగారు.

మరుసటి ఏడు పిల్లల్ని చేర్చడానికి తల్లిదండ్రులు గుంపుగా వచ్చారు. మౌనిక లేచి నిలబడింది. ఏడాదిగా దాచుకున్న మాట పైకి తీసింది.

"మావయ్యా, పిన్నీ, ఇక్కడ లేబ్ లేదు. మాస్టర్లు లేరు. చక్రం ఎందుకు పగుల్తాదో నాకియ్యాల్టికీ తెల్దు. మీ పిల్లల్ని ఇక్కడ పెట్టకండి. దండం పెడతాను."

ముందు వరుసలోంచి జోగమ్మ అనే తల్లి లేచింది.

"విన్నారా? ఏరు దాటి తెప్ప తగలేస్తంది! తనకైతే మంచి కాలేజీ, మన పిల్లలకి పనికిరాదంట! ఓ గుమస్తా దాదా, ఇటియ్యి ఫారం!"

అరవై సీట్లూ అరగంటలో నిండాయి. అడ్మిషన్ల బాధ్యత యాజమాన్యం మౌనికకే శాశ్వతంగా అప్పగించింది. ఆమె ఎంత వద్దంటే అంతమంది చేరుతున్నారు. ఇది చదివి నవ్వుతున్న మీరైతే పిల్లల్ని ఇక్కడ చేర్చేవారు కారు. మీ పిల్లల కాలేజీలో ప్రయోగశాల తలుపు తీయించి, లోపల ఏముందో మీరు స్వయంగా చూసే వచ్చారు కదా.