అత్తగారికి పదికి పది

ఒక జంతువు సుఖంగా ఉందా లేదా అన్నది ఆ జంతువును చూసి తెలుసుకునే మొరటు కాలం గడిచిపోయింది. ఇప్పుడు దానికి ఒక సంఘం ఉంది. పూర్తి పేరు ‘జంతు ప్రదర్శనశాలల, సఫారీ పార్కుల ప్రదర్శన నాణ్యత మరియు జంతు ప్రవర్తన తులనాత్మక మూల్యాంకన సంఘం’. (ఈ పేరు ఒక్క ఊపిరిలో పలికినవారికే సభ్యత్వం ఇవ్వాలని మొదట అనుకున్నారట. కోరం దొరకదని మానుకున్నారు.) మా ఊళ్లో పాత జూ ఒకటి, ఊరి బయట కొత్త సఫారీ పార్కు ఒకటి ఉన్నాయి. రెండింటిలో ఏది మేలో తేల్చడం సంఘం పని.

అందులో నేను సామాన్య సందర్శక సభ్యుణ్ణి. కళ్లజోళ్ల దుకాణం నడుపుకుంటాను. జంతువుల గురించి నాకు ఏమీ తెలియదని దరఖాస్తులో నిజాయితీగా రాశాను. ఆ అర్హత చూసే తీసుకున్నామని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. తక్కిన సభ్యులకూ అదే అర్హత ఉంది గానీ, వాళ్లు దాన్ని రాసి ఇవ్వలేదు.

అధ్యక్షుల వారు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. చాలా మర్యాదస్తులు. కోతికి కూడా నమస్కారం పెట్టి గాని మార్కులు వెయ్యరు. “కొలవలేనిదంటూ ఏదీ లేదండీ, కొలిచే ఓపిక ఉండాలంతే” అంటారు. ఆ ఓపికలోంచే జంతు ప్రవర్తన యాప్ పుట్టింది. అందులో నడక, పరుగు, అరుపు, తిండి, తల ఊపడం, ఇతరములు అని మీటలున్నాయి. జంతువు ఏది చేస్తే కార్యదర్శిగారు ఆ మీట నొక్కుతారు. ఎన్ని నొక్కితే అంత సుఖం. నిద్రకు మాత్రం మీట లేదు, ఎందుకంటే నిద్ర ప్రవర్తన కాదు, ప్రవర్తన లేకపోవడం. (కాసేపు ఏ మీటా నొక్కకపోతే యాప్ తనంతట తానే నిద్రపోతుంది. దాన్ని మాత్రం సాంకేతిక విశిష్టత అంటారు.)

అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన ఎలుగుబంట్లది. జూలో ఒకటి, సఫారీలో ఒకటి ఉన్నాయి. ఒకే రకం జంతువును రెండు చోట్ల పోషించడం దుబారా కనుక, తక్కువ మార్కులు వచ్చిన ఎలుగుబంటిని ఎక్కువ మార్కులు వచ్చిన చోటికి తరలించాలి. ఇక్కడే నాకు చిక్కు వచ్చిపడింది. జూలో ఎలుగుబంటిని చూసుకునేది మా అక్క.

ఈ సంగతి నేను దాచలేదు. మొదటి సమావేశంలోనే చెప్పేశాను. అధ్యక్షుల వారు నన్ను మెచ్చుకుని, బంధుత్వం ఉంది కాబట్టి నాకు మార్కులు వేసే హక్కు ఉండదనీ, సంతకం పెట్టే బాధ్యత మాత్రం ఉంటుందనీ సెలవిచ్చారు.

ముందు సఫారీకి వెళ్లాం. ఏసీ బస్సు, అద్దాల కిటికీలు, మైకు పట్టుకున్న గైడు. సింహాలు బస్సును చూడగానే లేచి వెంట నడిచాయి. అతిథుల పట్ల ఆదరణ అని కార్యదర్శిగారు ‘ఇతరములు’ నొక్కారు. (వాటి మాంసం వచ్చేది కూడా అదే రంగు బస్సులోనని గైడు చెప్పబోయాడు గానీ అప్పుడే మైకు పాడైంది.) గైడు ఒక కిటికీ అద్దం తెరవగానే జిరాఫీ తల లోపలికి పెట్టి అధ్యక్షుల వారి టోపీ వాసన చూసి వెళ్లింది. ప్రజా సంబంధాల కింద దానికి పదికి పది పడ్డాయి.

ఇక ఎలుగుబంటి. అది కంచె పక్కనే ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తోంది, మళ్లీ వెనక్కి వస్తోంది. మలుపు దగ్గర ఒకే చోట కాలు వేస్తోంది. అక్కడ గడ్డి పోయి నేల నున్నగా అయిపోయింది. మేము వచ్చామని గానీ వెళ్లామని గానీ దానికి పట్టలేదు.

“చూశారా, వాకింగ్,” అన్నారు అధ్యక్షుల వారు. “మనలో ఎవరం చేస్తున్నాం చెప్పండి? నాకైతే డాక్టరు చెప్పి ఏడాదైంది.”

కార్యదర్శిగారు వేలు నొప్పి పుట్టేదాకా ‘నడక’ నొక్కుతూనే ఉన్నారు. పదికి పది.

తర్వాత జూకి వచ్చాం. ఇక్కడి ఎలుగుబంటిని సిబ్బంది అంతా అత్తగారు అంటారు. తనకు తోచినప్పుడు లేస్తుంది, నచ్చకపోతే తిండి తోసేస్తుంది, ఎవరు పిలిచినా పలకదు గనుక ఆ గౌరవం. పూర్వం ఆవిడ సిమెంటు బోనులో ఉండేవారు. పొద్దస్తమానం ఒకే చోట నిలబడి తల అటూ ఇటూ ఊపేవారు. మా అక్క పై అధికారుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, బతిమాలి, పోట్లాడి, ఒక మట్టిదిబ్బ, పొదలు, పడిపోయిన చెట్టు మోడు ఉన్న ఆవరణ సాధించింది. అందులోకి వెళ్లాక కూడా అత్తగారు చాన్నాళ్లు ఊపు మానలేదట. ఒకనాడు పొదలోకి దూరి గుర్రు పెట్టి నిద్రపోయారు. ఆ రోజు అక్క ఇంటికొచ్చి, మా అమ్మకు జబ్బు నయమైనప్పుడు పంచినట్టు ఇంటింటికీ మిఠాయి పంచింది.

మేము వెళ్లేసరికి అత్తగారు ఆ పొదలోనే ఉన్నారు. ఒక చెవి కనిపిస్తోంది.

“లేపమ్మా,” అన్నారు అధ్యక్షుల వారు మర్యాదగా.

“నిద్రలో లేపకూడదండీ,” అంది అక్క.

“మేమొచ్చామని చెప్పి చూడు.”

“చెప్పినా అంతేనండీ. మా డైరెక్టరు గారొచ్చినప్పుడు కూడా లేవలేదు.”

సంఘం చెవిని పరిశీలించింది. చెవి ఒకసారి కదిలింది. అది ప్రవర్తన అవుతుందా, ఈగ వల్ల జరిగిందా అని చర్చ వచ్చింది. ఈగ వల్లే అయితే మార్కులు ఈగకు వెళ్లాలని ఒక సభ్యుడు న్యాయం మాట్లాడాడు. చివరికి కార్యదర్శిగారు నిబంధన చదివారు. జంతువులో కనీసం మూడో వంతు కనిపిస్తేనే హాజరు. చెవి మూడో వంతు కాదు. అత్తగారు గైర్హాజరు, సున్నా.

అక్క మొహం చూడలేకపోయాను. అధ్యక్షుల వారికీ జాలి వేసింది. ఆయన చెడ్డవాడు కాదు, ఈ దేశంలో చెడ్డవాడు ఏ కమిటీలోనూ దొరకడు. వారం రోజుల్లో రెండో తనిఖీకి అవకాశమిచ్చి, పక్కనే చీపుర్లు, బకెట్లు పెట్టుకునే పాత సిమెంటు బోను చూపించి, “ఇందులో పెట్టు తల్లీ, నాలుగు వైపుల నుంచీ పూర్తిగా కనిపిస్తుంది” అని సలహా కూడా ఇచ్చారు.

మర్నాడు అక్క దగ్గరికి వెళ్లాను. జూ వంటగదిలో ముక్కాలిపీట మీద కూర్చుని పళ్లు తరుగుతోంది. నన్ను చూసి కత్తి ఆపలేదు.

“ఏరా, కమిటీ గారూ. కాఫీ ఇవ్వొచ్చా, లంచమవుతుందా?”

“నాకు మార్కులు వేసే హక్కు లేదక్కా. ఇవ్వొచ్చు.”

కాఫీ ఇచ్చింది. ఇచ్చి మళ్లీ కత్తి అందుకుంది.

“సఫారీలో అది చేసేది వాకింగ్ కాదురా,” అంది తరుగుతూనే. “దానికి అక్కడ పిచ్చెక్కిపోతోంది. అత్తగారిని అక్కడికి పంపితే ఇద్దరూ ఆ కంచె పట్టుకుని తిరుగుతారు. ఈ వయసులో మళ్లీ మొదలవుతుంది. నావల్ల కాదురా చూడటం.”

“మరి బోనులో పెడతావా?”

“పెట్టకపోతే పంపేస్తారు. పెడితే దాన్ని నేనే…” కత్తి పక్కన పెట్టింది. “ఒక్క పూట. కమిటీ వెళ్లిన మరుక్షణం తలుపు తీసేస్తా. ఒక్క పూటకేం కాదు కదరా?”

నాకేమీ తెలియదని రాసిచ్చినవాణ్ణి. ఏం కాదక్కా అన్నాను.

రెండో తనిఖీ రోజున చీపుర్లు బయటికి వెళ్లాయి, అత్తగారు లోపలికి వెళ్లారు. ఆవిడ సిమెంటు నేల వాసన చూశారు. ఒక మూలకు వెళ్లి నిలబడ్డారు. కాసేపటికి తల కుడికి వెళ్లింది, ఎడమకు వచ్చింది, మళ్లీ కుడికి వెళ్లింది. అక్క గోడవైపు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సంఘం మాత్రం ముందుకు జరిగి నిలబడింది.

“ఏమ్మా, బాగున్నావా?” అని అడిగారు అధ్యక్షుల వారు.

అత్తగారు తల ఊపారు.

“ఇక్కడ సౌకర్యంగా ఉందా?”

అత్తగారు తల ఊపారు. అధ్యక్షుల వారి కళ్లు చెమర్చాయి. ముప్ఫై ఏళ్ల సర్వీసులో తన మాటకు ఇంత నిలకడగా తల ఊపినవారు లేరని ఆయన తర్వాత టీ తాగుతూ అన్నారు. కార్యదర్శిగారి యాప్ మీటలు లెక్కపెట్టలేక ఆగిపోయింది, మళ్లీ మొదలైంది. పదికి పది పడ్డాయి. రెండు చోట్లా సమానం కనుక ఏ ఎలుగుబంటినీ ఎక్కడికీ పంపనక్కర్లేదని అక్కడికక్కడే తీర్మానం చేశారు. నేను సంతకం పెట్టాను. అంత సంతోషంగా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టి ఉండను. అక్క నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కి, తాళంచెవి తీసుకుని బోను వైపు నడిచింది.

“ఎక్కడికమ్మా?” అన్నారు అధ్యక్షుల వారు.

“తలుపు తీస్తానండీ. దిబ్బ మీదికి వెళ్లిపోతుంది.”

“అక్కడేగా దానికి సున్నా వచ్చింది?” ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. “సున్నా వచ్చిన చోటికి మళ్లీ పంపుతానంటావేమిటి? మార్కులు తెచ్చుకున్న చోటే జంతువు ఉండాలి. తీర్మానంలో రెండో పేరా.”

నేను చదవకుండా పెట్టిన సంతకం రెండో పేరా కిందే ఉంది.

అక్క ఆ రోజు ఆయనతో చాలాసేపు మాట్లాడింది. అది సంతోషం కాదని చెప్పింది, ఏడ్చింది కూడా. ఆయన కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించి, ఓపికగా విన్నారు. విని, అప్పీలుకు వెళ్లమన్నారు. సంఘం ఎవరికీ తలుపులు మూయదు. నిబంధన చాలా ఉదారంగా ఉంది. జంతువు ఉన్నచోట సుఖంగా లేదని రుజువైతే వెంటనే వేరే ఆవరణకు మార్చవచ్చు. సుఖంగా లేదనడానికి రుజువు ప్రవర్తన లేకపోవడం. అంటే మూడో తనిఖీ నాటికి అత్తగారు బోనులో కదలకుండా, మెదలకుండా, హాయిగా నిద్రపోతూ కనిపిస్తే చాలు, ఆవిడ తీవ్ర అసంతృప్తిలో ఉన్నారని సంఘం గుర్తించి దిబ్బ మీదికి పంపేస్తుంది.

అప్పటి నుంచి అక్క డ్యూటీ అయ్యాక ఇంటికి రావడం లేదు. బోనులో గోనెసంచులు పరిచింది, ఎండుగడ్డి పోసింది, పొదల్లోంచి కొమ్మలు నరికి తెచ్చి మూలన కప్పింది. (కొమ్మలు దృశ్యమానతకు అడ్డమని కార్యదర్శిగారు తీయించారు.) ఊచల పక్కన పీట వేసుకుని, పసిపిల్లకు చెప్పినట్టు చెబుతోంది. “పడుకో అత్తగారూ. ఒక్క కునుకు తియ్యి. ఒక్కటంటే ఒక్కటి.” నేను దుకాణం మూసి వెళ్లి పక్కన కూర్చుంటాను.

నిన్న మూడో తనిఖీ జరిగింది. అధ్యక్షుల వారు పూలగుత్తితో వచ్చారు. ఈ ఏడాది అత్యంత సంతుష్ట జంతువు బిరుదు అత్తగారిదేననీ, అన్ని జూలలోనూ దిబ్బలు చదును చేసి ఇదే నమూనా అమలు చెయ్యాలని సంఘం సిఫారసు చేస్తోందనీ ప్రకటించారు. ఆవిడకేమైనా అభ్యంతరం ఉందా అని ఊచల దగ్గరికి వంగి అడిగారు. అత్తగారి తల కుడికి వెళ్లింది, ఎడమకు వచ్చింది. అభ్యంతరం లేదని ఆయన రాసుకున్నారు.