కారు పళ్లు లెక్కపెట్టే పద్ధతి

మనిషిని నమ్మవచ్చో లేదో తేల్చే పద్ధతిని మానవజాతి ఇంతవరకు కనిపెట్టలేకపోయింది గాని, పాత కారును నమ్మవచ్చో లేదో తేల్చే పద్ధతి మాత్రం కుందుర్పి మండలంలో రెండువేల ఆరో సంవత్సరం నాటికే సంపూర్ణంగా సిద్ధించింది. ఆ పద్ధతిలో కార్ల గురించి తెలిసినవాడికి చోటు లేదు. దాని మొదటి గొప్పతనం అదే.

ఆ పద్ధతికి తొలి లబ్ధిదారు ఓబుళేసు. (చివరి లబ్ధిదారు కూడా అతడే.) ఓబుళేసుకు పన్నెండెకరాల మెట్ట, ఎనిమిది ఎండిన బోర్లు, నీళ్లున్న బోరు ఒకటి, ఆ బోరు కింద మూడెకరాల చీనీ (బత్తాయి) తోట, జిల్లా పరిషత్ సభ్యుడు కావాలన్న కోరిక ఉన్నాయి. వీటిలో కాపు కాసేది చీనీతోట ఒక్కటే. ఎనిమిది బోర్లూ, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నేలలో నీళ్లు చూసే ఆంజినప్ప చెప్పిన చోట వేసినవి. ఎనిమిదింటిలోనూ మేలురకం దుమ్ము పడింది. తొమ్మిదోది మాత్రం రిగ్గు లారీ టైరు పంచరై నిలబడిపోయిన చోట, "ఇంగ యాడికీ తిప్పాకండప్పా, ఈడే ఏయండి" అని ఓబుళేసు భార్య చౌడేశ్వరి విసుక్కుంటే వేశారు. రెండించుల నీళ్లు పడ్డాయి. శాస్త్రప్రకారం పడ్డ నీళ్లు కావు గనుక ఓబుళేసు వాటిని పెద్దగా గౌరవించలేదు. చౌడేశ్వరి మాత్రం ఐదేళ్లపాటు ఆ చెట్లను చంటిపిల్లల్లా సాకింది. ఆ ఏడే తొలి కాపు పట్టింది.

ఇక కోరిక సంగతి. జిల్లా పరిషత్ టికెట్ ఎవరికివ్వాలో తేల్చడానికి పార్టీలో ఎక్కడా రాయని నియమావళి ఒకటి ఉంది. పార్టీని నడిపే పెద్దాయన పర్యటనకు వచ్చినప్పుడు ఆయన వెనక పోయే వరసలో నీ బండి ఎన్నోదైతే పార్టీలో నువ్వూ అన్నోవాడివే. పదిలోపు బండ్లవాళ్ల పేర్లు పెద్దాయనకు గుర్తుంటాయి. ఇరవైలోపు వాళ్ల ఊర్లు గుర్తుంటాయి. ఆ వెనకవాళ్లంతా కార్యకర్తలు. పెద్దాయన డ్రైవరు నూట ఇరవైకి తగ్గి నడపడు (ప్రజల కష్టాలు అన్నీ ఒక్కరోజులో చూడాలంటే ఆ వేగం తప్పదు). పోయినసారి ఓబుళేసు జీపు కళ్యాణదుర్గం చేరేసరికి షామియానా విప్పేస్తున్నారు. కుర్చీలు మడతపెట్టేవాడొక్కడే అతనికి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం ఓబుళేసు గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

కాబట్టి తోట అమ్మి కారు కొనాలని నిర్ణయించాడు. మామూలు కారు కాదు. బెంగళూరులో పాత కార్లమ్మే యార్డులో ఒక విదేశీ కారు ఉందని, దానికి రెండువందల ఇరవై గుర్రాల బలమని, ఎనిమిది లెక్కపెట్టేలోపు నూరు దాటుతుందని, కొత్తదాని ధరలో ఐదోవంతుకే వస్తుందని విన్నాడు. ఇంత బలమైనది ఇంత చవగ్గా ఎందుకొస్తోందన్న ప్రశ్న అతని బుర్రకు తట్టలేదు. తోట కొనడానికి పొరుగు చేని ఆదెన్న ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు.

"తోటమ్మి కారు కొంటే, ఆ కారు కడిగేకి నీళ్లు యాడివయ్యా?" అని అడిగింది చౌడేశ్వరి.

"టికెట్టొస్తే ఇట్లాంటి తోటలు పది కొంటా. నీకేం తెల్సు, ఊరకుండు."

"నాకు తెల్దులే. తెలిసినోన్నన్నా అడుగు."

తెలిసినవాడంటే కళ్యాణదుర్గంలో సోమప్ప అనే మెకానిక్ ఉన్నాడు. లారీలు, బోరు మోటార్లు ఇరవై ఏళ్లుగా విప్పి బిగిస్తున్నాడు. ఓబుళేసు పోయి అడిగాడు.

"కారు చూడకుండా ఎట్ల చెప్పేదన్నా?" అన్నాడు సోమప్ప. "ఒక పొద్దు నాకియ్యి. కింద పరిచిన పట్టాలు ఎత్తి చూడల్ల. ఇంజను చల్లగున్నప్పుడు స్టార్ట్ చేసి చూడల్ల. సర్వీసు పుస్తకం చదవల్ల."

ఆ మాటతో సోమప్ప అనర్హుడయ్యాడు. చూడకుండా చెప్పలేనివాణ్ని జ్ఞాని అని ఎవరంటారు? ఆంజినప్పయితే ఐదువందల అడుగుల లోతున ఉన్నదాన్ని కూడా చూడకుండానే చెబుతాడు. పైగా ఇతను పుస్తకం చదువుతానంటున్నాడు. అంటే ఇంకా చదువుకుంటున్నాడన్నమాట.

అందుచేత ఒక సంఘం ఏర్పడింది. కుందుర్పి పాతవాహన విశ్వసనీయతా నిర్ధారణ సంఘం. అధ్యక్షుడు కుళ్లాయప్ప, నలభై ఏళ్లుగా సంతల్లో ఎద్దుల బేరాలు కుదిర్చే పెద్దమనిషి. సాంకేతిక సభ్యుడు ఆంజినప్ప, సొంత టెంకాయతో సహా. బస్సు చార్జీలు, భోజనాలు, వక్కాకు లబ్ధిదారు ఖర్చు. ఎద్దైనా కారైనా లాగేదే కాబట్టి ఎద్దుకున్న నిబంధనలన్నీ కారుకూ వర్తిస్తాయని సంఘం మొదటి సమావేశంలోనే ఏకగ్రీవంగా తీర్మానించింది.

బెంగళూరు యార్డు మేనేజరు ఎవరికి కావలసిన భాషలో వారితో మాట్లాడే చక్కటి మనిషి. ఆయన బల్ల మీద దేవుడి పటం, కర్పూరం, అగ్గిపెట్టె సిద్ధంగా ఉన్నాయి (ప్రమాణం ఉచితం). సంఘం చేతిలో ఆయన ఒక తనిఖీ పత్రం పెట్టాడు. అందులో తొంభై తొమ్మిది అంశాలున్నాయి. చేత్తో పెడితే పొరపాట్లు దొర్లుతాయి గనుక అన్నిటి పక్కనా టిక్కులు ముందే అచ్చువేసి ఉన్నాయి.

"డాక్టర్ నడిపిన కారు సార్," అన్నాడు మేనేజరు. ఆ రోజుల్లో అమ్మకానికి వచ్చిన ప్రతి పాత కారూ డాక్టరు నడిపినదే. (మరి రోగుల్ని ఎవరు చూసేవారో పరిశోధకులు తేల్చాలి.) "ముంబై డాక్టర్. పోయిన జూలై నుంచి ఒక్క కిలోమీటర్ కూడా తిరగలేదు." ఆ మాట మీద కర్పూరం వెలిగించి ఆర్పాడు. అందులో అణువంత అబద్ధం లేదని ఇందుమూలంగా నమోదు చేయడమైనది.

కుళ్లాయప్ప తువ్వాలు నడుముకు బిగించి కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వీపు మీద చరిచాడు. బెదరలేదు గనుక "ఒద్దికైంది" అన్నాడు. ముందున్న జాలీ దగ్గర వంగి, వేలు పెట్టి పళ్లు లెక్కపెట్టాడు. "ఆరు పళ్ల మీదుండాది. మంచి వయసు." ఒంటి మీది గీతలన్నీ చూసి, యజమానిని మింగే సుడి ఒక్కటీ లేదని తేల్చాడు. వెనక రెండు పొగగొట్టాలు చూసి మాత్రం కాసేపు ఇబ్బంది పడ్డాడు. రెండు తోకల ఎద్దు ఆయనకెప్పుడూ తగల్లేదు. "ఒగటి తెగినా ఇంగోటుంటుందిలే అల్లుడా" అని చివరికి సమాధానపడ్డాడు.

తలుపు తీయగానే గుప్పుమని వాసన కొట్టింది. ముగ్గురూ అలాగే నిలబడిపోయారు. తొలకరి చినుకు పడ్డప్పుడు నేలలోంచి లేచే వాసన అది. కుందుర్పిలో ఆ వాసన వచ్చి ఎన్నాళ్లయిందో!

"వాన వాసనప్పా!" అన్నాడు కుళ్లాయప్ప, కళ్లు తుడుచుకుంటూ.

"ఫారిన్ సెంటు సార్," అన్నాడు మేనేజరు.

ముందు దీపాల అద్దాల లోపల నీటిబొట్లు మెరుస్తున్నాయి. శుభం అనుకున్నారు. డిక్కీలో స్టెప్నీ ఎత్తితే దాని కింద గుంతలో వేలెడు మందాన మెత్తటి మట్టి ఉంది. ఓబుళేసు చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు. "ఒండ్రుమట్టి మామా! ఎంత సారముండాదో చూడు. ఈ మట్టిలో శెనక్కాయ ఏస్తే ఎట్లొస్తుంది!"

"డాక్టరైనా మన్ను మరిచిపోలేదు. గొప్పోడు," అని కుళ్లాయప్ప ఆ ముంబై మనిషిని మెచ్చుకున్నాడు. వాన పడితే పండగ చేసుకునే నేలలో పుట్టినవాళ్లు వాళ్లు. నీళ్ల వల్ల ఒక వస్తువు చెడుతుందన్న అనుమానం మూడు తరాలుగా ఆ ఊళ్లో ఎవరికీ రాలేదు, వచ్చే అవకాశమూ కలగలేదు.

ఇక సాంకేతిక సభ్యుడి వంతు. ఆంజినప్ప చెప్పులు విడిచి, అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టి, కళ్లు మూసుకుని కారు చుట్టూ నడిచాడు. డిక్కీ దగ్గర టెంకాయ కదిలింది. డ్రైవరు సీటు దగ్గరికి వచ్చేసరికి నిటారుగా లేచి నిలబడింది. ఇంజను ముందుకు రాగానే చేతిలోంచి ఎగిరి కిందపడి దొర్లింది.

"నీళ్లన్నా!" అన్నాడు ఆంజినప్ప, దాని వెంట పరిగెత్తుతూ. "నిండుగా ఉండాయి. నా సర్వీసులో టెంకాయ ఇట్ల లేసింది ల్యా."

మేనేజరు ముఖం పాలిపోయింది. కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

"కార్లో నీళ్లేంటికుంటాయప్పా, పిచ్చోడా! నీళ్లంటే లచ్చిమి. లచ్చిమి నిండుగా ఉండాదని చెప్తాండాది టెంకాయ," అని అధ్యక్షుడు వ్యాఖ్యానించాడు. మేనేజరుకు మళ్లీ ఊపిరి వచ్చింది. ఎవరూ అడక్కుండానే ధర పదివేలు తగ్గించాడు. లక్ష్మి అప్పుడే పని మొదలుపెట్టిందని సంఘం హర్షం ప్రకటించింది.

కాగితాలు అందుకునేటప్పుడు ఒక చిన్న గండం వచ్చి తప్పిపోయింది. మేనేజరు చెయ్యి జారి, ఆర్సీతో పాటు నీలం అట్ట పుస్తకం ఒకటి బల్ల మీద పడింది. ఆ కారుకు ఎప్పుడు ఏ రిపేరు జరిగిందో రాసిన సర్వీసు పుస్తకం. ఓబుళేసు చెయ్యి చాచాడు. కుళ్లాయప్ప ఆ చేతి మీద ఒక్కటి చరిచాడు.

"పలుపు ముట్టుకోవాకు!"

ఎద్దును అమ్మినప్పుడు పాత పలుపుతాడు అమ్మినవాడికే ఉండిపోవాలి. కొన్నవాడు కొత్త పలుపు వేసి తోలుకుపోవాలి. పాత పలుపు వెంట పాత ఇంటి పీడ వస్తుందని కుళ్లాయప్ప నమ్మకం. కారుకు పలుపంటే పాత యజమాని ఊసంతా ఉన్న ఆ పుస్తకమేనని ఆయన తీర్పు. చదవల్ల అన్న సోమప్ప మాట ఓబుళేసుకు ఒక్క క్షణం గుర్తొచ్చింది. కానీ చదవాలంటే ఇంగ్లీషు రావాలి, వదిలేయాలంటే ఏమీ రానక్కర్లేదు. ఊరి నుంచి తెచ్చిన కొత్త పలుపును స్టీరింగుకు కట్టాడు. మేనేజరు పుస్తకాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని, "మీ ఆచారాలు చాలా గొప్పవి సార్," అన్నాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

తోట రిజిస్ట్రేషన్ అయిన నాడు చౌడేశ్వరి చివరిసారి చెట్లకు నీళ్లు కట్టి, మోటారు ఆపి, స్టార్టరు పెట్టె తాళంచెవి ఆదెన్న చేతిలో పెట్టి వచ్చింది. మొగుడితో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని ఓబుళేసు అంగీకారం కింద జమకట్టుకున్నాడు.

ఏప్రిల్ చివర్లో పెద్దాయన రాయదుర్గం నుంచి కళ్యాణదుర్గానికి బయల్దేరాడు. ఓబుళేసుది ఐదో బండి. అతనే నడిపాడు. రెండువందల ఇరవై గుర్రాలూ ఒక్క పెట్టున దూకాయి. ముందు నాలుగో బండి, అద్దంలో వెనక్కి వెనక్కి పోతున్న జీపులు! ఓబుళేసుకు ఏడుపొచ్చేంత ఆనందం కలిగింది. తోట పోతే పోయింది, బతుక్కో అర్థం దొరికిందనుకున్నాడు.

పదిహేడో కిలోమీటరు దగ్గర కారు తన మనసులో మాట బయటపెట్టడం మొదలుపెట్టింది. ముందుగా వైపర్లు వాటంతటవే లేచాయి. మబ్బు తునక లేని ఆకాశం కింద, మాడు పగిలే ఎండలో, టకటకమని అద్దం తుడిచాయి. రోడ్డు పక్కన గొర్రెలు కాసుకునేవాళ్లు ఆశగా పైకి చూశారు. తర్వాత కిటికీ అద్దాలు నాలుగూ దిగాయి. హారన్ మోగడం మొదలై ఆగలేదు. తలుపులు తాళాలు వేసుకున్నాయి. చివరికి ఇరుకు కల్వర్టు మీద, సరిగ్గా నడిమధ్యన, ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. ఓబుళేసు కిటికీలోంచి పాక్కుంటూ బయటపడేసరికి ముందు నాలుగు బండ్లూ కనుచూపు దాటిపోయాయి, వెనక పంతొమ్మిది బండ్లు నిలిచిపోయాయి. ఆ పంతొమ్మిది బండ్లలోని నాయకులందరూ అతని వంశాన్ని మూడు తరాల వరకు పేరుపేరునా స్మరించారు.

కల్వర్టు గోడ పక్కన మిగిలిన మూరెడు సందులోంచి మోపెడ్ ఒకటి దూరిపోయింది. దాని మీద ఆదెన్న, అతని కాళ్ల దగ్గర గంపెడు చీనీకాయలు. ఆ మధ్యాహ్నం కళ్యాణదుర్గంలో పెద్దాయన ఆ కాయల రసం తాగి, మూతి తుడుచుకుని, "యా ఊరప్పా నీది?" అని అడిగాడు. టికెట్ వ్యవహారం ఆ ప్రశ్నతోనే ముగిసిపోయింది.

సాయంత్రానికి సోమప్ప వచ్చాడు. సీటు బెల్టును చివరిదాకా లాగాడు. లోపల దాగిన జానెడు భాగానికి బురద మరక పట్టి ఉంది. కాళ్ల కింద పట్టా ఎత్తాడు. ఇనుమంతా తుప్పు.

"మునిగిన బండన్నా ఇది. ముంబై బండంటివి గదా, పోయిన జూలై వానలకు సీట్ల పైదాకా నీళ్లల్లో నానుండాది. పట్టా ఎత్తి చూసింటే తెలిసిపోతాండె. ఆ పుస్తకంలో గూడా రాసే ఉంటారు."

"మునిగేదేందప్పా?" అన్నాడు ఓబుళేసు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. "కారు మునగల్లంటే అన్ని నీళ్లు కావల్లగదా!"

మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పళ్ల లెక్కలో తప్పు లేదని, సుడుల్లో దోషం లేదని, పలుపు విషయంలో ఆచారం నూటికి నూరుపాళ్లు పాటించామని అధ్యక్షుడు నివేదించాడు. ఓబుళేసు ఆంజినప్ప మీద పడ్డాడు. ఆంజినప్ప మాత్రం నదురూ బెదురూ లేకుండా కూర్చున్నాడు.

"నేను ఆపొద్దే చెప్తి గదన్నా, నీళ్లుండాయని. ముప్పై ఏండ్లుగా నేను చెప్పిన చోట యాడన్నా నీళ్లు పడినాయా? పడల్యా. అన్ని తూర్లూ నమ్మితిరి. నిజంగా ఉన్న ఒక్కచోట మీరే నమ్మకపోతిరి."

సంఘం ఆ టెంకాయను అభినందిస్తూ తీర్మానం చేసి, కొట్టి పంచుకుని, విడిపోయింది.

కారు ఓబుళేసు ఇంటి ముందే ఉంది. కొత్త పలుపు ఇంకా స్టీరింగుకు వేలాడుతూనే ఉంది. చౌడేశ్వరి రోజూ పొద్దున రెండు బిందెలతో ఆ కారు పక్కనుంచే నడిచి, తాను పెంచిన తోటలోకి, జిల్లా పరిషత్ సభ్యులు ఆదెన్నగారి అనుమతితో, తాగేనీళ్లకు పోతుంది. ఆమె ఏమీ అనదు. అంటే బాగుండునని ఓబుళేసుకు ఉంటుంది.

ఆ ఏడు కూడా వానల్లేక, కరువు సాయం కోసం రైతులు దరఖాస్తులు పెట్టుకోవాలని ప్రకటన వచ్చింది. ఓబుళేసు కూడా ఫారం తెచ్చుకున్నాడు. అందులో పదకొండో గడి: మీ ఆస్తిలో ఎక్కడైనా నీళ్లు పడ్డాయా, పడితే ఎక్కడ? అబద్ధం రాస్తే శిక్షార్హులని కింద అచ్చువేసి ఉంది. ఓబుళేసు చాలాసేపు ఆలోచించి, "కారులో" అని రాశాడు.

నెల తిరక్కుండానే జవాబు వచ్చింది. నీటి వసతి కలిగియున్నందున సదరు దరఖాస్తును తిరస్కరించడమైనది.