నిశ్శబ్ద శాఖకు సైలెన్సరు

ఈ ఏడాదిని 'నిశ్శబ్ద సంవత్సరం'గా పాటించాలని శబ్ద నియంత్రణ శాఖ మంత్రిగారు పన్నెండు పెద్ద స్పీకర్ల ద్వారా ప్రకటించారు. నిశ్శబ్దం వెనక వరసల్లో ఉన్నవాళ్లకు కూడా స్పష్టంగా వినిపించాలని ఆయన ముందే ఆదేశించారట. వినిపించింది. ఆ మైదానం చుట్టూ ఉన్న చెట్లమీది పిట్టలు రెండు రోజులు తిరిగి రాలేదు.

"వంద రోజుల్లో ఈ ఊరు ప్రశాంతంగా నిద్రపోతుంది. మోత చేసినవాడి గుమ్మం ముందు పది నిమిషాల్లో నేనుంటాను!" అన్నారు మంత్రిగారు. చప్పట్లతో చెవులు చిల్లులు పడ్డాయి.

నేను ఆ శాఖలో నోటీసులు పంపే గుమాస్తాను. పెద్ద చదువులు చదవలేదు. పొద్దున్నే దేవుణ్ణి తలుచుకుని, ఇంట్లో వెళ్లొస్తానని చెప్పి, పదింటికల్లా ఆఫీసులో ఉండే మామూలు గృహస్థును. అయినా నా కళ్లముందు జరిగిన ఒక మహత్కార్యం పాఠకులకు తెలియకుండా పోకూడదని ఇది రాస్తున్నాను.

పది నిమిషాల్లో చేరాలంటే వేగంగా పోయే బండి కావాలి. శాఖకున్న జీపు నలుగురు తోస్తే తప్ప కదలదు. అందుకని మంత్రిగారు తన సుఖం ఏమాత్రం చూసుకోకుండా, ఇద్దరే పట్టే, నేలకు జానెడెత్తున ఉండే ఎర్రటి స్పోర్ట్స్ కారుకు ఆర్డరిచ్చారు. ఫైల్లో దాని పేరు 'శబ్ద తనిఖీ వాహనం'. మంత్రిగారు భారీ మనిషి కాబట్టి అందులోంచి ఆయన్ని బయటికి లాగడానికి ఇద్దరు అటెండర్లను కూడా కేటాయించారు.

"ఇద్దరే పట్టే కార్లో ఆ అటెండర్లు ఎక్కడ కూర్చుంటారండీ?" అని హెడ్ క్లర్కును అడిగాను.

"కూర్చోరు. ముందే అక్కడికి బస్సులో పోయి నిలబడతారు" అన్నాడాయన. పరిపాలనకు ఎంత ముందుచూపు కావాలో నాకు అప్పుడు తెలిసింది.

కార్ల షోరూమ్ మేనేజర్ కేటలాగు పట్టుకుని మంత్రిగారి గదికి వచ్చిన రోజు నేను సంతకాల ఫైళ్లతో అక్కడే నిలబడి ఉన్నాను.

"సార్, సైలెన్సర్లు రెండు రకాలున్నాయి. స్టాండర్డ్, పెర్ఫార్మెన్స్. ఏది బిగించమంటారు?"

"తేడా ఏంటి?"

"స్టాండర్డ్ అయితే బండి వచ్చినట్టు పక్కింటివాడికి కూడా తెలీదు సార్. పెర్ఫార్మెన్స్ అయితే..." అంటూ ఫోన్లో వినిపించాడు. బల్లమీద గ్లాసులో నీళ్లు వణికాయి. మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. పురిటిగది బయట నిలబడి మనవడి తొలి ఏడుపు విన్న తాతగారి ముఖం అలాగే ఉంటుంది.

"ఇదీ బండంటే! ఇది పెట్టెయ్" అన్నారు. అంతలోనే తను ఏ శాఖకు మంత్రో గుర్తొచ్చింది. "సెక్రటరీ గారూ, ఇందులో మనకేం ఇబ్బంది లేదుగా?"

"వాహనాల మోతకు పరిమితి డెబ్భై ఐదు డెసిబెల్స్ సార్" అన్నారు సెక్రటరీగారు.

"ఎవడు పెట్టాడు?"

"మన శాఖే సార్. మీకు ముందున్న మంత్రిగారు."

"ఓడిపోడూ మరి!" అని మంత్రిగారు కాసేపు ఆలోచించారు. "చూడండి, ప్రజాస్వామ్యంలో సొంత ఇష్టం అంటూ ఏమీ ఉండదు. ఒక కమిటీ వెయ్యండి. పెర్ఫార్మెన్స్ ఎందుకు మంచిదో వాళ్లు స్వతంత్రంగా తేలుస్తారు."

కమిటీ పడింది. అధ్యక్షుడు ఎప్పుడో రిటైరైన ఇంజనీరు, వినికిడి యంత్రం పెట్టుకునే పెద్దాయన. రెండో సభ్యుడు సెక్రటరీగారు. మూడోవాడు మంత్రిగారి పార్టీ కార్యకర్త. అతను చెవిలో రహస్యం చెప్పినా వీధి చివరకు వినపడుతుంది కనక అందరూ 'మైకు' అంటారు. ఇక డెసిబెల్స్ కొలిచి సర్టిఫికెట్ మీద సంతకం చెయ్యాల్సిన సాంకేతిక సభ్యుడు మా బావ. మా శాఖలో శబ్దాన్ని కొలిచే మీటరు ఒక్కటే ఉంది, దాన్ని పట్టుకోవడం వచ్చిన మనిషీ ఆయనొక్కడే.

బావకు అప్పటికే మనసు మనసులో లేదు. మా అక్కకు గుండె ఆపరేషనై పది రోజులైంది. పెద్దాసుపత్రి రెండో అంతస్తులో, వీధివైపు వార్డులో ఉంది. మూడు నెలలు కదలకూడదన్నారు. వాళ్లకు పిల్లల్లేరు. ఆఫీసు, ఆసుపత్రి, ఆ రెండింటి మధ్య మందుల షాపు, అంతే ఆయన బతుకు.

కమిటీ మొదటి సమావేశంలోనే మైకు ఒక గొప్ప సంగతి బయటపెట్టాడు. మా శాఖ నిబంధనల ప్రకారం, ఎవరైనా మోత చేస్తున్నారని ఫిర్యాదు వస్తే, తనిఖీకి వారం ముందు వాళ్లకు నోటీసు పంపాలి. చెప్పకుండా ఒకరి ఇంటికి వెళ్లడం మర్యాద కాదు కదా. నోటీసు అందుకున్నవాళ్లు ఆ రోజు మిషన్లన్నీ ఆపి, కుర్చీలు వేసి, కూల్‌డ్రింకులు తెప్పిస్తారు. బావ మీటరు తీసి కొలుస్తాడు. 'ఫ్యాను, నలభై రెండు' అని రాస్తాడు. పన్నెండేళ్లుగా మా శాఖ ఒక్క మోతను కూడా పట్టుకోలేదు. అంటే ఊళ్లో మోత లేదని ప్రతి ఏటా నివేదికలో రాసుకుంటున్నాం.

"స్టాండర్డ్ పెట్టామే అనుకోండి, ఏమవుతుంది? పిల్లిలా పోయి మీద పడతాం. పాపం, వాళ్లు మిషన్లు ఆడిస్తూ ఆడిస్తూ దొరికిపోతారు. ఇది దొంగదెబ్బ కాదా సార్?" అన్నాడు మైకు.

"దారుణం" అన్నారు పెద్దాయన.

"అదే పెర్ఫార్మెన్స్ అయితే రెండు కిలోమీటర్ల అవతల ఉండగానే వినపడుతుంది. ఆపేవాడు ఆపేస్తాడు. ఇంక నోటీసెందుకు? కారే నోటీసు! కాగితం మిగిలింది. కాగితం మిగిలితే చెట్టు మిగిలింది!"

సెక్రటరీగారు వెంటనే మినిట్స్‌లో 'పర్యావరణ ప్రయోజనాలు' అని ఒక శీర్షిక పెట్టించారు. పదిహేడేళ్లుగా నోటీసుల మీదే బతుకుతున్న నేను మెల్లగా బావవైపు చూశాను. ఆయన మీటరు అద్దం తుడుచుకుంటున్నాడు.

తర్వాత రోడ్డు పరీక్ష. సున్నితమైన చెవులు ఎక్కువగా ఉన్న చోటే పరీక్ష జరగాలని కమిటీ ఆసుపత్రి వీధిని ఎంచింది. నిష్పాక్షికంగా ఉండాలని పెద్దాయన వినికిడి యంత్రం తీసి జేబులో వేసుకున్నారు.

ముందు స్టాండర్డ్ సైలెన్సరున్న కారు వచ్చింది, పోయింది. "ఇంకా రాలేదేంటి?" అన్నాడు మైకు. 'హాజరు సంతృప్తికరంగా లేదు' అని రాసుకున్నారు.

తర్వాత పెర్ఫార్మెన్స్. వీధిలో ఆపి ఉన్న బళ్ల అలారాలన్నీ ఒక్కసారిగా ఏడుపందుకున్నాయి. పళ్లబండి మీంచి నారింజలు దొర్లాయి. ఆసుపత్రి కిటికీలు గడగడలాడాయి. పెద్దాయన మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి, "మొదటిదానికీ దీనికీ నాకేం తేడా కనిపించలేదు" అని నిజాయితీగా చెప్పారు.

లోపలినుంచి ఒక నర్సు పరిగెత్తుకొచ్చింది. "మీకేం పోయేకాలం! పైన గుండె జబ్బువాళ్లున్నారు, తెలీదా?"

"అందుకేనమ్మా మీ దగ్గరికొచ్చాం" అంటూ మైకు ఆమె చేతిలో ప్రజాభిప్రాయ పత్రం పెట్టాడు. అందులో రెండే గళ్లున్నాయి: 'బాగుంది', 'చాలా బాగుంది'. ఆమె దాన్ని నాలుగు ముక్కలు చేసి అతని మీదే విసిరేసి పోయింది.

"ఒక ఓటు చెల్లలేదు" అని రాసుకున్నాడు మైకు.

బావ మీటరు చూశాడు. స్టాండర్డ్ డెబ్భై రెండు. పెర్ఫార్మెన్స్ నూటొకటి.

మర్నాడు సెక్రటరీగారు బావను పిలిచి కూర్చోబెట్టారు. మా శాఖలో ఎవరినైనా కూర్చోమన్నారంటే ఏదో మూడిందని అర్థం.

"నూటొకటేంటయ్యా? అంకెలు అటూఇటూ అయ్యాయేమో సరిగ్గా చూశావా?"

"అటూఇటూ చేస్తే నూటపదవుతుంది సార్."

"డెబ్భై నాలుగు అనుకుంటే?"

"అనుకోడానికేం సార్. మీటరు అనుకోవాలిగా."

సెక్రటరీగారు నవ్వారు. ఆయన చాలా మంచి మనిషి. "సరిహద్దులో మనకో ఆఫీసుంది. మూడు రోజుల ప్రయాణం. ఆకు రాలితే వినపడుతుంది, అంత ప్రశాంతం. నీలాంటి చెవులున్నవాడు అక్కడుండాలి. శుక్రవారంలోగా సర్టిఫికెట్ ఇచ్చెయ్. ఆ తర్వాత చూద్దాం."

సాయంత్రం ఆసుపత్రిలో బావ మందులు లెక్కపెట్టుకుంటున్నాడు. నేనే అక్కకు సంగతంతా చెప్పేశాను.

"నిన్నటి మోత మీదేనట్రా? ప్రాణం పోయినంత పనైంది" అంది అక్క. "ఎంతొచ్చిందండీ?"

"నూటొకటి" అన్నాడు బావ.

"మరి నూటొకటే రాయండి."

"రాస్తే పంపించేస్తారే. నిన్నెవరు చూసుకుంటారు?"

"తమ్ముడున్నాడు, సిస్టరుంది, పైన దేవుడున్నాడు. నా కోసమని మీరు డెబ్భై నాలుగు రాశారనుకోండి, రేపు ఇంకెవడో తన పెళ్లాం కోసమని నా గుండె కాగితంలో కూడా మంచి అంకె ఏదో వేసేస్తాడు. ఎవరిని నమ్మి పడుకోను?"

మర్నాడు పొద్దున దేవుడి ముందు కూర్చున్నాను. చూడకూడనివి ఉంటాయని కళ్లకు రెప్పలిచ్చావు కదా స్వామీ, చెవులకెందుకు ఇవ్వలేదు అని అడిగాను. తప్పు పట్టడానికి కాదు, తెలుసుకుందామనే. వీధిలో ఎవడో హారన్ మీద చెయ్యి తీయకుండా పోయాడు. ఆయన సమాధానం చెప్పి ఉంటే నాకు వినపడలేదు.

శుక్రవారం బావ 'నూటొకటి' అని రాసి, కింద సంతకం చేసి ఇచ్చాడు. బదిలీ ఉత్తర్వు కూడా నా చేతిమీదుగానే పోవాలి కనక నేను కవరు సిద్ధం చేసుకున్నాను.

మంత్రిగారు సర్టిఫికెట్ చదివారు. మళ్లీ చదివారు.

"ఎంత పొగరు సార్ వీడికి!" అని అరిచాడు మైకు.

మంత్రిగారు చెయ్యెత్తి ఆపారు. "నోరు ముయ్యరా. ఈయన నిజం రాశాడు. మన ప్రభుత్వం ఏనాడైనా నిజం జోలికి పోయిందా?"

"లేదు సార్" అన్నారందరూ.

"నిజాన్ని మార్చే హక్కు మనకు లేదు. సెక్రటరీ గారూ, మనకు దేన్ని మార్చే హక్కుంది?"

సెక్రటరీగారి ముఖం మెల్లగా విప్పారింది. "పరిమితిని సార్."

"మరింకేం!"

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ఇకనుంచి వాహనాలకు, మిషన్లకు, స్పీకర్లకు, సమస్తానికీ పరిమితి నూటొకటి. 'శాఖ సొంత నిపుణుడు శాస్త్రీయంగా నిర్ధారించిన అంకె' అని బావ హోదాతో సహా అందులో వేశారు. ఫిర్యాదులు నాలుగువందల పన్నెండు ఉంటే, మర్నాటికి అన్నీ మూసేసి అందరికీ ఉత్తరాలు పంపాను. వంద రోజులనుకున్న పని తొమ్మిది రోజుల్లో పూర్తయిందని పత్రికలు రాశాయి. పెద్ద సభ పెట్టి బావకు 'ఖచ్చితత్వ పురస్కారం' ఇచ్చారు. బదిలీ లేదు, ఏమీ లేదు. దేవుడికి దండం పెట్టుకున్నాను. ఎందుకని నన్ను నేను గుచ్చిగుచ్చి అడగలేదు.

సభ జరిగిన మూడో రోజు మధ్యాహ్నం, అవార్డు పొందిన ఉద్యోగి భార్యను పరామర్శించడానికి మంత్రిగారు స్వయంగా ఆసుపత్రికి బయలుదేరారు. అటెండర్లిద్దరూ బస్సులో వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. అక్కకు అప్పుడే కన్నంటుకుంది.

కారు వీధి మొదట్లో ఉండగానే కిటికీ అద్దాలు అదిరాయి. అక్క ఉలిక్కిపడి లేచి గుండె పట్టుకుంది. మంచం పక్కనున్న మిషన్ ఎర్రలైటు వేసి కుయ్ కుయ్ మని మొత్తుకుంది. ఆ రోజు ప్రజాభిప్రాయం చింపేసిన నర్సే పరిగెత్తుకొచ్చి అక్కను పడుకోబెట్టి, బావవైపు తిరిగింది.

"మీరు ఆ శాఖవాళ్లేగా? చూస్తూ నిలబడతారేంటి, కొలవండి! ఫిర్యాదు నేనే రాస్తాను. మినిస్టరైతే నాకేంటి!"

బావ సంచిలోంచి మీటరు తీశాడు. కిటికీ తెరిచి చెయ్యి బయటికి చాపాడు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆయన ఒక్క అంకె కూడా తప్పు చదివిన మనిషి కాదు. కారు గేటు ముందుకొచ్చి, అటెండర్లు తలుపు తెరిచేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"ఎంతండీ?" అంది అక్క, ఆయాసపడుతూ.

"తొంభై తొమ్మిది."

నర్సు పెన్ను తీసింది. "తొంభై తొమ్మిది. రాసుకున్నా. తర్వాత?"

బావ కిటికీ మూసి, గడియ పెట్టాడు.

"పరిమితి లోపలే ఉంది సిస్టర్" అన్నాడు.